ఏం వేసుకోకూడదో చెప్పేవాళ్లకి ఒక బహిరంగ లేఖ

ఫ్యాషన్ సలహాలు రాసేవాళ్లకి, రీల్స్ చేసేవాళ్లకి, "ఈ తప్పులు మీరూ చేస్తున్నారా?" అని పెద్దక్షరాలతో థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లకి,

నమస్తే. మీ వీడియోలు నేను చూస్తాను, మీ కాలమ్స్ చదువుతాను. బట్టలంటే నాకు ఇష్టం కాబట్టే చూస్తాను. రంగుల గురించి, గుడ్డ గురించి, కుట్టు గురించి ఎవరైనా తెలిసి మాట్లాడుతుంటే ఎంతసేపైనా వింటాను. ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టడం లేదు, మధ్యలో ఎక్కడైనా కోపం వస్తే మాత్రం దాచుకోను.

మీతో నా పేచీ ఒక్కటే. మీకు నచ్చనివాటన్నిటినీ "రూల్స్" అని చెబుతున్నారు. పొట్టిగా ఉన్నవాళ్లు పొడుగు గౌన్లు వేయకూడదు, లావుగా ఉన్నవాళ్లు అడ్డచారలు వేయకూడదు, చామనఛాయగా ఉన్నవాళ్లు పసుపు జోలికి పోకూడదు, నలభై దాటితే మోకాళ్లు కనిపించకూడదు, బెల్టూ బూట్లూ ఒకే రంగు ఉండాలి, నలుపూ నేవీ బ్లూ కలపకూడదు, శాండిల్స్‌లోకి సాక్స్ వేయకూడదు. సరే, ఇవి ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? వీటికి మీరు జవాబు చెప్పగా నేను ఇంతవరకు వినలేదు. "అంతే, బాగోదు" అంటారు. బాగోదు అనడం మీ అభిప్రాయం, చెప్పుకునే హక్కు మీకుంది, చాలాసార్లు నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే మాటకి రూల్ అని పేరు పెట్టేసరికి, అవతల ఫోన్ పట్టుకుని చూస్తున్న పదిహేనేళ్ల పిల్లకి అది తన ఒంటి మీద ఇచ్చిన తీర్పులా వినిపిస్తుంది, ఆ తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో ఆ పిల్లకి తెలియదు.

అడ్డచారల సంగతే తీసుకుందాం. అందరికీ తెలిసిన రూల్, పైగా నిజమో కాదో పరీక్షించి చూడటానికి వీలైన రూల్. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కంటిచూపు మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు, అది 1867లో పూర్తయింది. అందులో ఆయన చూపించింది ఏమిటంటే, ఒకే కొలత ఉన్న రెండు చతురస్రాలు తీసుకుని ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలున్నదే పొడుగ్గా సన్నగా అనిపిస్తుంది. అడ్డచారల గౌను వేసుకుంటే మనిషి పొడుగ్గా కనిపిస్తుందని కూడా అక్కడే రాశాడు. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో పీటర్ థాంప్సన్, ఆయనతో పాటు ఇంకొక పరిశోధకురాలు ఇదే విషయాన్ని చారల బట్టలు వేసిన ఆడమనిషి బొమ్మలతో పరీక్షించి, అడ్డచారలు మనిషిని లావుగా చూపించవని ప్రచురించారు. అంటే మీరు తరతరాలుగా చెబుతున్న రూల్‌కి కనీసం ఆ ఆధారం కూడా లేదు. దయచేసి ఇప్పుడు దీన్ని తిరగేసి "లావుగా ఉన్నవాళ్లు అడ్డచారలే వేసుకోవాలి" అని కొత్త వీడియో చేయకండి. లావుగా కనిపిస్తే వచ్చే నష్టమేమిటి అన్నదే అసలు ప్రశ్న, దాని దగ్గరికి మీరు ఎప్పుడూ రారు.

ఇంకో రూల్ చూడండి. ఆడపిల్లకి గులాబీ రంగు, మగపిల్లాడికి నీలం. ఇది ప్రకృతి నియమం అన్నంత గట్టిగా చెబుతారు చాలామంది. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా రాసింది: గులాబీ గట్టి రంగు కాబట్టి అబ్బాయిలకి, నీలం సుకుమారంగా ఉంటుంది కాబట్టి అమ్మాయిలకి అని. ఎత్తు మడమల చెప్పులు ఆడవాళ్లవే అనుకుంటాం, కానీ పర్షియాలో గుర్రం ఎక్కే మగవాళ్లు రికాబులో కాలు జారకుండా వాటిని వాడారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లు వేసుకుని చిత్రాలు గీయించుకున్నాడు. వందేళ్లలో తలకిందులైపోయే రూల్ ఈ రోజు ఎవరి మనసైనా నొప్పించేంత విలువైనదా, మీరే చెప్పండి.

మీలో కొందరు దీనికి ఒక పాత మాట అడ్డం వేస్తారు. మనకి నచ్చింది తినాలి, పదిమందికి నచ్చింది కట్టుకోవాలి అని. ఈ మాటని నేను తోసేయను. ఇందులో నిజం ఉంది, అయితే సగమే.

చావు జరిగిన ఇంటికి వెళ్లేటప్పుడు మెరిసే బట్టలు వేసుకోం. ఆసియాలో చాలా చోట్ల తెలుపు, యూరప్‌లో నలుపు. విక్టోరియా రాణి 1861లో భర్త పోయిన దగ్గర్నుంచి 1901లో తను పోయేదాకా నలుపే కట్టింది, అదే మనిషి 1840లో తన పెళ్లికి తెల్ల గౌను వేసుకుంటే తర్వాత పెళ్లికూతుళ్ల తెల్ల గౌను ఒక సంప్రదాయం లాగా నిలిచిపోయింది. దేశాన్ని బట్టి రంగు మారుతుంది, ఉద్దేశం మారదు. ఈ రోజు అందరి చూపూ ఆ ఇంట్లోవాళ్ల బాధ మీద ఉండాలి, నా మీద కాదు అని ఒప్పుకోవడం అది. అలాంటి రూల్ రాసి లేకపోయినా నేను పాటిస్తాను, పిల్లలకీ చెబుతాను. తిరిగే మిషన్ దగ్గర వేలాడే చున్నీ వద్దు, ఆపరేషన్ థియేటర్‌లో బయటి బట్టలు వద్దు, ఇవి కూడా అంతే. కారణం కళ్ల ముందు కనిపిస్తుంది.

కానీ నా చేతులు లావుగా ఉన్నాయి కాబట్టి పొట్టి చేతుల చొక్కా వేయకూడదు అన్నప్పుడు, ఎవరి బాధ పట్ల గౌరవం చూపిస్తున్నట్టు? నా చేతులు చూడటం వల్ల ఎవరికి ఏం జరుగుతుంది? ఎండలో ఉడికిపోయేది నేను. సందర్భం గురించి చెప్పే రూల్ వేరు, ఒంటి గురించి చెప్పే రూల్ వేరు. ఈ రెండిటినీ మీరు ఒకే వీడియోలో, ఒకే గొంతుతో, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతారు, చూసేవాళ్లు రెండిటినీ ఒకే రకం మర్యాద అనుకుంటారు. మొదటిది నేర్పితే మనిషికి పదిమందిలో మెలగడం తెలుస్తుంది. రెండోది నేర్పితే అద్దం చూసినప్పుడల్లా దాచాల్సినవి లెక్కపెట్టుకోవడం అలవాటవుతుంది.

ఒక్కసారి ట్రయల్ రూమ్ బయట నిలబడి చూడండి. మా పిన్ని కూతురు ఒక డ్రెస్ ఇష్టపడి లోపలికి తీసుకెళ్లింది. బయటికి వచ్చినప్పుడు రెండు చేతులతో డ్రెస్ అంచు కిందికి లాక్కుంటూ వచ్చింది. అక్కడ పనిచేసే అమ్మాయి చూడగానే "మీ బాడీకి ఈ మోడల్ సెట్ కాదు మేడమ్" అంది, అనడంతోటే మా పిన్ని కూతురు తలాడించి మళ్లీ లోపలికి వెళ్లిపోబోయింది, ఆ మాట ముందే తెలిసినట్టు. నేను ఆపి దగ్గరికి రమ్మన్నాను. భుజం కుట్టు భుజం ఎముక దాటి రెండు వేళ్లు కిందికి జారి ఉంది. చంక భాగం ఎంత కిందికి ఉందంటే, చెయ్యి పైకెత్తితే డ్రెస్ మొత్తం లేచి వస్తోంది. ఎందుకంటే తను కావాలని ఒక సైజు పెద్దది తీసుకుంది. లావుగా ఉన్నవాళ్లు వదులు బట్టలు వేసుకుంటే దాగిపోతుందని మీలాంటివాళ్లు చెప్పగా విని తీసుకుంది. అదే డ్రెస్, అదే రంగు, ఒక సైజు తక్కువది వేయించాం. భుజం దగ్గర కుదురుగా కూర్చుంది, చెయ్యి ఎత్తినా అంచు కదల్లేదు. "అక్కా, ఇది నిజంగా అదే డ్రెస్సా?" అని అడిగింది.

చూశారా, అక్కడ కావలసింది ఒక కుట్టు గురించిన సమాచారం. దొరికింది ఒంటి గురించిన వ్యాఖ్య. షాపులో ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను, ఆమెకీ ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన చోట మీరున్నారు, లక్షల మంది వింటారు మీ మాట.

ఇప్పుడు ఆఫీసుల సంగతి. రాయని రూల్స్‌తో అసలు అన్యాయం అక్కడ జరుగుతుంది, దాని గురించి మీరు మాట్లాడటం చాలా తక్కువ. బ్రిటన్‌లో సోషల్ మొబిలిటీ కమిషన్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. 2016లో ఆ కమిషన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఉద్యోగాలు ఎవరికి వస్తున్నాయి అని ఒక నివేదిక వేసింది. సూటు కింద గోధుమరంగు బూట్లు వేసుకొచ్చిన అబ్బాయిల్ని కొందరు పెద్ద బ్యాంకర్లు ఇప్పటికీ పనికిరారని చూస్తున్నారని అందులో ఉంది. లండన్‌లో పనిచేసే పెద్దమనుషులు బ్రౌన్ బూట్లు వేయరని వాళ్లలో ఒక పాత ఆచారం. ఎక్కడా రాసి ఉండదు. నాన్న బ్యాంకర్ అయితే ఇంట్లోనే తెలుస్తుంది, నాన్న బస్సు డ్రైవర్ అయితే ఎవరు చెబుతారు? ఆ కుర్రాడు చదివాడు, పరీక్ష పాసయ్యాడు, ఉన్నవాటిలో మంచి బూట్లు పాలిష్ చేసుకుని వెళ్లాడు, ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టగానే ఎవరో అతని పాదాల వంక చూసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఉద్యోగం ఎందుకు రాలేదో కూడా అతనికి ఎప్పటికీ తెలియదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. రాసిన రూల్ తెలియకపోతే అడిగి తెలుసుకోవచ్చు. రాయని రూల్ ఒకటి ఉందని తెలియకపోతే, అడగాలని కూడా తట్టదు.

పూర్వం ఈ పని చట్టాలే చేసేవి. ఇంగ్లండ్‌లో 1574లో మొదటి ఎలిజబెత్ రాణి శాసనం ప్రకారం ఊదారంగు పట్టు, బంగారు జరీ గుడ్డ ఎవరు పడితే వాళ్లు వేసుకోకూడదు, రాజకుటుంబానికీ పెద్ద ప్రభువులకీ మాత్రమే. ఎవరు ఏ అంతస్తువాళ్లో బట్టల్లో తెలియాలని ఆ ఏర్పాటు. 1604లో ఆ చట్టాలు ఎత్తేశారు. అంతస్తు చూసే అలవాటు పోలేదు, కాగితం మీద నుంచి కంటిచూపులోకి మారింది, అంతే.

కాగితం మీద ఉన్నదాన్ని కనీసం పట్టుకుని నిలదీయొచ్చు. పారిస్‌లో 1800లో ఒక పోలీసు ఉత్తర్వు వచ్చింది, ఆడవాళ్లు మగవాళ్లలా ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తెచ్చుకోవాలని. తర్వాత సైకిలు హ్యాండిలో గుర్రం కళ్లేలో చేతిలో ఉంటే పర్వాలేదని కొంచెం సడలించారు. వాడుకలో ఎప్పుడో చచ్చిపోయినా పుస్తకాల్లో అలాగే పడి ఉంటే, దానికి ఇక విలువ లేదని 2013లో ఫ్రాన్స్ మంత్రి అధికారికంగా ప్రకటించింది. వింబుల్డన్‌లో ఆటగాళ్లంతా తెలుపే వేయాలన్నది రాసి ఉన్న రూలే. నెలసరి రోజుల్లో ఆ తెల్లబట్టలతో ఆడటం ఎంత టెన్షనో ఆడవాళ్లు పైకి చెప్పారు, 2023 నుంచి లోపల ముదురురంగు షార్ట్స్ వేసుకోవచ్చని నిర్వాహకులు మార్చారు. రూల్ ఎక్కడుందో తెలుసు కాబట్టి ఎవర్ని అడగాలో తెలిసింది.

రాయనిది అయితే? అమెరికా సెనేట్‌లో ఆడ సభ్యులు ప్యాంటు వేసుకుని సభలోకి రాకూడదన్నది చాలాకాలం ఆనవాయితీగా నడిచింది. 1993లో బార్బరా మికుల్‌స్కీ, కరోల్ మోస్‌లీ బ్రాన్ అనే ఇద్దరు సెనేటర్లు ప్యాంటు వేసుకుని నేరుగా లోపలికి నడిచి వెళ్లారు, అప్పుడు మారింది. దేశానికి చట్టాలు చేసే మనిషే అంత ధైర్యం కూడగట్టుకోవాల్సి వస్తే, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఏం చేయగలదు? అదే సెనేట్‌లో 2023లో ఆ రాయని పద్ధతిని సడలించబోతే గొడవ జరిగింది, చివరికి మగ సభ్యులకి కోటు, టై, ప్యాంటు తప్పనిసరి అని తీర్మానం చేసి రాసుకున్నారు. ఆ రూల్ నాకు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. రాసుకోవడం మాత్రం నాకు నచ్చింది. రేపు కొత్తగా వచ్చేవాడికి ముందే తెలుస్తుంది, కాదనుకునేవాడు వాదించడానికి ఒక కాగితం ఉంటుంది.

ఇక మీలోనే ఇంకో వర్గం ఉంది, "రూల్స్ లేవు, నచ్చింది వేసుకో, ఎవరేమనుకుంటే నీకేంటి" అనేవాళ్లు. మనసులో నేను మీవైపే. అయినా ఒక మాట చెప్పాలి. నచ్చింది వేసుకున్నందుకు అందరూ ఒకే మూల్యం చెల్లించరు. పేరున్న మనిషి చిరిగిన టీషర్టులో మీటింగ్‌కి వస్తే నిరాడంబరత అంటారు, అదే టీషర్టులో కొత్త కుర్రాడు వస్తే లెక్కలేనితనం అంటారు. ఇంటర్వ్యూకి అప్పు తెచ్చుకున్న సూటు వేసుకెళ్లేవాడు ధైర్యం లేక కాదు, అవసరం ఉండి రూల్ పాటిస్తున్నాడు. అతన్ని పిరికివాడిలా చూపించే వీడియో నాకు నచ్చదు. పాటించడమూ అతని ఇష్టమే. ఏ రూల్ ఎందుకు పాటిస్తున్నాడో అతనికి తెలిసుంటే చాలు, ఉద్యోగం స్థిరపడ్డాక ఏది వదిలేయాలో తనే తేల్చుకుంటాడు.

వయసు గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే "నలభై తర్వాత వేసుకోకూడనివి" అనే వీడియోలు మీరు ఎందుకో ఆపడం లేదు. ఐరిస్ ఆప్‌ఫెల్ అనే అమెరికన్ ఆవిడ 1921లో పుట్టింది. గుండ్రటి పెద్ద కళ్లద్దాలు, మెడనిండా లావుపాటి పూసలు, కొట్టొచ్చే రంగులు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2005లో ఆవిడ సొంత బట్టలతో, నగలతో ప్రదర్శన పెట్టింది. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. 97 ఏళ్ల వయసులో ఒక పెద్ద మోడలింగ్ ఏజెన్సీ ఆవిడతో ఒప్పందం చేసుకుంది. 2024లో, 102 ఏళ్లకి కన్నుమూసేదాకా ఆవిడ తన రంగులు తగ్గించలేదు. అందరూ అలా ఉండాలని నేను అనను, నాకే అన్ని పూసలు బరువు. నలభై దాటగానే బూడిదరంగులోకి జరగమని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదంటున్నాను.

సరే, మీ దగ్గర నుంచి నాకు ఏం కావాలో చెబుతాను.

ఒంటిని కొలవడం మానేసి బట్టని కొలవడం నేర్పండి. భుజం కుట్టు ఎక్కడ కూర్చోవాలి, గుండీల మధ్య గుడ్డ లాగుతుంటే దాని అర్థం ఏమిటి, కొన్న బట్టలో నడుము, చేతుల పొడుగు ఆల్టర్ చేయించడం తేలికైతే భుజం ఎందుకు కష్టం, వదులు చేయించాలంటే లోపల కుట్టు దగ్గర ఎంత గుడ్డ వదిలారో తిప్పి ఎలా చూసుకోవాలి. చారల చొక్కాలో పక్కకుట్టు దగ్గర చారలు కలిశాయా లేదా చూస్తే ఆ కుట్టినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది, ఇది ఎంతమందికి చెప్పారు? కాటన్ మొదటి ఉతుకుకి కుంచించుకుపోతుందని, పాలిస్టర్ చెమట పీల్చదని, ఒక కంపెనీ లార్జ్ ఇంకో కంపెనీ మీడియంతో సమానం కావచ్చు కాబట్టి లేబుల్ మీద అక్షరం చూసి కుమిలిపోవద్దని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పినా ఎంతోమంది ఊపిరి పీల్చుకుంటారు.

ఆడవాళ్ల జేబుల గురించి అడగండి, గట్టిగా అడగండి. 2018లో 20 పెద్ద బ్రాండ్ల జీన్స్ కొలిచి చూస్తే ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయని తేలింది. ఫోన్ పట్టదు, చెయ్యి పట్టదు. ఇదీ ఎవరూ రాయని రూలే, మీరు దీని మీద ఒక్క వీడియో చేస్తే వెయ్యి అడ్డచారల వీడియోల కన్నా ఉపయోగం.

మీకు ఏదైనా నచ్చకపోతే "నాకు నచ్చదు" అనండి, మీ కన్ను మీద నమ్మకం ఉన్నవాళ్లు ఎలాగూ వింటారు. సందర్భానికి సంబంధించినదైతే కారణం కూడా చెప్పండి. మొదటి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి, అక్కడ ఏం వేసుకుంటారో చేరకముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి అడగొచ్చని, అలా అడగడం తప్పు కాదని, ఆ మెయిల్ ఎలా రాయాలో కూడా చూపించండి. కంపెనీలు నడిపే స్నేహితులు మీకుంటే, ఆ నాలుగు లైన్లు ఆఫర్ లెటర్‌తో పాటే రాసి ఇవ్వమని చెప్పండి.

వీటిలో ఏ ఒక్కదాని మీద మీరు వీడియో చేసినా చూస్తాను, నాకు తెలిసిన అందరికీ పంపిస్తాను, ముందు మా పిన్ని కూతురికి.

ఇట్లు,
మీ వీడియోలు వదలకుండా చూసే ఒక మనిషి